నమ్మకము గలవారు, నమ్మదగినవారు

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాట్లాడవలసిందని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు మేము కొంచెం వెనుకాడాము. మాది సాయంకాలపు తరగతి తెలుగు. పగలు ఎస్టేటులోని తమిళబడిలో అక్షరాలు దిద్దుకొని, తరువాత మలయ్ భాషలో పెద్ద చదువు చదువుకొని, రాత్రి ఏడు గంటలకు రామమందిరం అరుగుమీద పెట్రోమాక్సు దీపం దగ్గర పెద్దబాలశిక్ష పట్టుకొని నేర్చుకొన్న తెలుగు. మా తాతగారు విశాఖపట్నం జిల్లానుండి ఓడ ఎక్కి వచ్చారు. ఈ దేశంలో మేము మూడవ తరం. కనుక మాటలో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలి.

మాకు ఇచ్చిన విషయం "దైవవిశ్వాసము, వ్యక్తిశీలము". పండితులు దీనిమీద శాస్త్రాలు చెప్పగలరు. మేము ముప్పై నాలుగేళ్లు బడిలో పనిచేసినవారము. బడిలో చూసినదీ, ఇంట్లో విన్నదీ చెబుతాము. అందులో మా తప్పు కూడా ఒకటి ఉన్నది. దాన్ని దాచుకొని ఈ విషయం మాట్లాడడం న్యాయం కాదు.

మనదేశంలో బడికి వెళ్లిన ప్రతి బిడ్డకు రుకునెగర తెలుసు. 1969 మే 13వ తేదీన జరిగిన అల్లర్ల తరువాత, అన్ని జాతులవారినీ ఒక మాటమీద నిలపాలని 1970 ఆగస్టు 31వ తేదీన దాన్ని ప్రకటించారు. అప్పుడు మాకు పదేళ్లు. అందులో ఐదు సూత్రాలున్నాయి. దేవునిమీద విశ్వాసం మొదటిది. రాజుపట్ల, దేశంపట్ల భక్తి, రాజ్యాంగాన్ని శిరసావహించడం, చట్టానికి లోబడడం తరువాతివి. మర్యాద, సత్ప్రవర్తన చివరిది. నోటుబుక్కు వెనుక అట్టమీద ఈ ఐదూ అచ్చువేసి ఉండేవి. సోమవారం ఉదయం మైదానంలో వరుసగా నిలబడి, కుడిచెయ్యి ఎత్తి, గొంతు కలిపి చెప్పేవాళ్లము. మలయ్ పిల్లవాడు, చీనా పిల్లవాడు, తమిళ పిల్లవాడు, మేము అందరం ఒకే మాట చెప్పేవాళ్లము. కాని ఒక్కొక్కరి మనసులో ఒక్కొక్క దేవుడు. మాకు మాత్రం ఎస్టేటు మందిరంలోని సీతారాముల పటమే కళ్లముందు కనిపించేది.

విశ్వాసం మొదటి మెట్టు, మర్యాద చివరి మెట్టు. వాటి నడుమ ఉన్న దారి ఏమిటని ఆ వయసులో మేము అడగలేదు, మాకెవరూ చెప్పలేదు. తరువాత మేమే మాస్టర్లమై, చెయ్యి ఎత్తిన పిల్లల ఎదుట నిలబడినప్పుడు కూడా చాలా ఏళ్లు అడగలేదు.

ముస్లిం పిల్లలు ఇస్లాం మతబోధ చదివే గంటలో తక్కిన పిల్లలకు మోరల్ పాఠం ఉంటుందని మీకు తెలుసు. ఆ పాఠం మేము చాలాకాలం చెప్పాము. 2000 తరువాత వచ్చిన పాఠ్యప్రణాళికలో పెద్దతరగతి పిల్లలకు ముప్పై ఆరు సద్గుణాలు ఉండేవి. ఆ ప్రణాళిక ఇప్పుడు మారిపోయింది. కాని నేడు ముప్పై దాటిన మీలో చాలామందికి ఆ ముప్పై ఆరూ ఇప్పటికీ నోటికి వచ్చి ఉంటాయి. పరీక్షలో వాటి అర్థాలు పొల్లుపోకుండా రాయాలి కదా! ఆ జాబితాలో మొదటిది దేవునిమీద విశ్వాసం. రెండవది "అమానా". అంటే ఒకరు మనకు అప్పగించినదాన్ని పదిలంగా కాపాడి, వారి నమ్మకాన్ని నిలబెట్టడం. ఈ రెండూ స్వీయవికాసం అనే ఒకే శీర్షిక కింద, ఒకదాని పక్కన ఒకటి ఉండేవి. మేము వేరువేరు పాఠాలుగా చెప్పి, వేరువేరుగా మార్కులు వేశాము.

ఇప్పుడు మా తప్పు చెబుతాము.

2005లో నాలుగవ ఫారంలో ఒక కుర్రవాడుండేవాడు. మన తెలుగు బిడ్డే. తండ్రి అంతకుముందు ఏడు లారీ ప్రమాదంలో పోయాడు. తల్లి శనివారం భజనకు తప్పక వచ్చేది. కుర్రవాడు కూడా మా సాయంకాలపు తరగతికి వస్తుండేవాడు. ఆ ఏడాది అర్ధసంవత్సరపు పరీక్షలో మొదటి గుణానికి అర్థం రాయమని ప్రశ్న ఇచ్చాము. తరగతి అంతా ఒకే వాక్యం రాసింది. ఈ కుర్రవాడు అది రాయలేదు. "నాన్న పోయిన తరువాత దేవుడు ఉన్నాడో లేడో నాకు తెలియడం లేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయలేను" అని రెండు ముక్కలు రాశాడు.

మేము సున్న వేశాము.

మార్కుల పద్ధతి ప్రకారం అది సరైనదే. రావలసిన మాటలు రాలేదు, మార్కు లేదు. కాని మాకు అప్పటికే తెలిసిన సంగతి ఇంకొకటి ఉన్నది. తరగతిలో ఏ చందా వసూలైనా, విహారయాత్ర డబ్బైనా, నోటుబుక్కుల డబ్బైనా, పిల్లలందరూ ఆ కుర్రవాని చేతికే ఇచ్చేవారు. తరగతి నాయకుడు వేరొకడు. అయినా డబ్బు మాత్రం ఇతని దగ్గరే. ఒక పాత లెక్కలపుస్తకంలో పేరుపేరునా రాసుకొని, ఐదు సెన్లు మిగిలినా తెచ్చి మా బల్లమీద పెట్టేవాడు. ఆ పుస్తకం మా బల్లసొరుగులో ఉండగానే, ఆ సొరుగు పైనే కాగితం పెట్టి, మేము అతనికి సున్న వేశాము.

సున్న వేసినందుకు కాదు మా బాధ. పిలిచి మాట్లాడలేదు. తండ్రి పోయిన బిడ్డ తన దుఃఖాన్ని పరీక్ష కాగితంమీద రాస్తే, మేము దాన్ని తప్పుడు జవాబుగా చదివాము. అంతటితో ఆగలేదు. స్టాఫ్ రూములో ఒక మాట అన్నాము. ఆ మాట మందిరందాకా పాకింది. "వాడికి దైవభక్తి లేదట" అని మన పెద్దలు నలుగురు తల్లి ముందే అన్నారు. ఆ తరువాత కుర్రవాడు సాయంకాలపు తరగతికి రావడం మానేశాడు. బడి మారలేదు, ఊరు మారలేదు. మన దగ్గరకు రావడం మాత్రం మానేశాడు.

ఈ సంగతి మమ్మల్ని చాలా ఏళ్లు వదలలేదు. చివరికి ఒక దారి చూపించింది మన తెలుగు మాటే. ఒక సాయంకాలం తరగతిలో నల్లబల్లమీద మాటల జతలు రాస్తున్నాము. నీతి, నీతిమంతుడు. గుణము, గుణవంతుడు. తరువాత నమ్మకము అని రాసి, నమ్మకస్తుడు అని పక్కన రాశాము. రాసి ఆగిపోయాము. నమ్మకస్తుడు అంటే ఎవరు? దేన్నో నమ్మినవాడు అని కదా మొదట తోస్తుంది? కాని తెలుగువాడు ఎవడూ ఆ అర్థంలో వాడడు. నమ్మకస్తుడు అంటే మనం నమ్మదగినవాడు. ఇంటి తాళాలు ఇచ్చి వెళ్లగలవాడు. మరి నమ్మకానికి ఎదురుమాట ఏమిటి? అపనమ్మకం ఒకటి ఉన్నది గాని, మన పెద్దలు పాపంగా ఎంచినది నమ్మకద్రోహాన్ని. మన భాష విశ్వాసాన్ని ఒక మనిషి తలలోని అభిప్రాయంగా కాక, ఇద్దరి మధ్య నిలబడే వస్తువుగా చూసినట్టున్నది. మలయ్ భాషలోనూ నమ్మడానికీ, నమ్మదగినవాడు అనడానికీ మూలం ఒకటే మాట. రెండు భాషల్లోనూ పాఠం చెప్పిన మేము, ఈ సంగతి అరవై దగ్గరకు వచ్చాక గాని గమనించలేదు.

దీన్ని మాకంటే ముందే తెలుసుకొన్న మనిషి మా ఇంట్లోనే ఉండేది. మా నాయనమ్మ. ఆమెకు చదువు రాదు. రబ్బరుతోటలో గీతపని చేసేది. తెల్లవారుజామున చెట్టు గీసి, పాలు పట్టి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేది. వంటకు బియ్యం తీసినప్పుడల్లా ముందు ఒక పిడికెడు రాములవారి పేరున బిస్కత్తు డబ్బాలో వేసేది. లైన్లలోని తెలుగు ఇళ్లన్నీ అలాగే వేసేవి. ఆ బియ్యంతోనే శనివారం భజనకు ప్రసాదం వండేవారు.

1941 డిసెంబరులో జపానువారు ఈ దేశంలో దిగారు. బియ్యం కరువైపోయింది. జనం కర్రపెండలం తిని బతికారు. 1943లో మా తాతగారిని సయాం రైలుపనికి తీసుకొని పోయారు. సయాంనుండి బర్మాకు నాలుగు వందల పదిహేను కిలోమీటర్ల దారి. 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరుకు పట్టాలు కలిపారు. యుద్ధఖైదీలు, మలయానుండి వెళ్లిన తమిళ, తెలుగు, మలయ్ కూలీలు, బర్మా, జావా మనుషులు వేలకువేలు ఆ అడవిలోనే రాలిపోయారు. మా తాతగారూ తిరిగి రాలేదు. అప్పటికి మా నాన్నగారికి ఎనిమిదేళ్లు.

బియ్యం లేకపోయినా నాయనమ్మ డబ్బా మానలేదు. ఎండబెట్టిన కర్రపెండలం ముక్కలే పిడికెడు వేసేది. పక్క లైనులో ఒక తమిళ ఆవిడ ఉండేది. ఆమె భర్త కూడా రైలుపనికి పోయాడు. చంకలో పసిబిడ్డ. ఒకరోజు ఆ ఇంట పొయ్యి వెలగలేదని తెలిసి, నాయనమ్మ ఆ డబ్బా తెరిచి, కొన్ని పిడికిళ్లు కొలిచి ఇచ్చి వచ్చింది. మళ్లీ కొన్నాళ్లకు మరికొన్ని. ఇచ్చినప్పుడల్లా వంటింటి తడకమీద బొగ్గుతో పిడికిలికి ఒక గీత గీసేది. అవి ఏమిటో మా నాన్నగారికి అప్పుడు తెలియలేదు.

1945లో యుద్ధం ముగిసింది. మెల్లగా బియ్యం రావడం మొదలైంది. అప్పటినుండి నాయనమ్మ రోజూ ఒకటికి బదులు రెండు పిడికిళ్లు డబ్బాలో వేయసాగింది. వేసి, తడకమీద ఒక గీత చెరిపేసేది. మా నాన్నగారు కనిపెట్టి, "ఆకలిగా ఉన్నవాళ్లకే ఇచ్చావు కదా అమ్మా, రాములవారు లెక్క అడుగుతాడా?" అన్నారట. దానికి ఆమె, "అడగడురా నాయినా. ఆయన అడగడు గనకే మనం లెక్క సూసుకోవాల" అన్నదట.

ఈ మాట మా ఇంట్లో మేము పదిసార్లు విన్నాము. చిన్నప్పుడు ముసలమ్మ చాదస్తం అనుకొన్నాము. ఇప్పుడు దైవవిశ్వాసానికి ఇంతకంటే మంచి అర్థం మాకు తెలియదు. భర్త తిరిగి రానప్పుడు ఆమె ఎంత ఏడ్చిందో, దేవుణ్ణి ఏమని అడిగిందో మాకు ఎవరూ చెప్పలేదు. గీతలు మాత్రం చివరిదాకా చెరిపిందని చెప్పారు.

ఇక్కడ పెద్దలకు ఒక సందేహం కలగవచ్చు. విశ్వాసమంటే లెక్కాపత్రమా, భక్తికి పొంగు ఉండదా, రామదాసు లెక్క చూసుకొన్నాడా అని. మా సాయంకాలపు తరగతిలో పదమూడేళ్ల అమ్మాయి ఇదే అడిగింది. ఎస్టేటు మందిరాల్లో మన తాతల కాలంనుండీ రామదాసు కీర్తనలు పాడుతున్నాము. కనుక కథ చెప్పాము. పదిహేడవ శతాబ్దిలో కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉండి, వసూలైన సర్కారు పన్ను సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని, తానీషా అతన్ని గోల్కొండ చెరసాలలో పెట్టించాడని చెప్పాము. అమ్మాయి చెయ్యి ఎత్తింది. "సార్, సర్కారు డబ్బు ఆయనకు అప్పగించినది కదా. అడక్కుండా వాడితే అమానా అవుతుందా?"

మేము తడబడ్డాము. "భక్తుల విషయంలో అలా అడగకూడదు" అని కూర్చోబెట్టాము. ఇంటికి పోయాక నిద్ర పట్టలేదు. కుర్రవానికి వేసిన సున్న వంటిదే ఇదీ అనిపించింది. మరునాటి తరగతిలో ఆ అమ్మాయికి జవాబు చెప్పాము. చూడమ్మా, నీ ప్రశ్న మన పెద్దలకు కూడా తోచింది. అందుకే కథ ఎలా ముగిసిందో గమనించు. దేవుడు వచ్చి, భక్తుడు కనుక బాకీ కొట్టేయమని తానీషాతో చెప్పాడని ఎవరూ చెప్పుకోలేదు. రామలక్ష్మణులు బంటుల వేషంలో వచ్చి, ఆరు లక్షల మొహరీలు లెక్కపెట్టి ఇచ్చి, రశీదు పుచ్చుకొన్నారని చెప్పుకొన్నారు. అందులో చరిత్ర ఎంత, కథ ఎంత అన్నది పండితుల పని. కాని ఇన్ని తరాల భక్తులు ఆ రశీదును వదలకుండా చెప్పుకొంటూ వచ్చారంటే, భక్తి ఎంత గొప్పదైనా బాకీ బాకీయేనని వాళ్లకు తెలుసునన్నమాట. దేవుడంతటివాడికే రశీదు కావలసివస్తే మనమెంత?

అమ్మాయి నవ్వి కూర్చున్నది. మా నాయనమ్మ గీతలు ఆ రశీదుకు చెల్లెళ్లని మేము అనుకొన్నాము.

అయితే నమ్మదగినవాడుగా ఉంటే చాలు, దేవుడు అక్కరలేదని మేము అంటున్నామా? అనడం లేదు. దేవుని పేరెత్తకుండా నిజాయితీగా బ్రతికినవారిని మేము చూశాము. నుదుట మూడు వేళ్ల బొట్టుతో చిట్టీ డబ్బు మింగినవారినీ చూశాము. ఇద్దరూ మన మధ్యనే ఉన్నారు. కాని నాయనమ్మ వంటి మనిషికి చూసేవాడు ఒకడున్నాడన్న నమ్మకమే వెన్నెముక. మగదిక్కు పోయి, తిండి లేక, జపాను సిపాయి తుపాకీ పట్టుకొని తిరుగుతున్న లైనులో, ఆ పిడికెడు ముక్కలు తనవి కావని ఆమెను నిలబెట్టినది ఆ నమ్మకమే. దాన్ని తీసివేస్తే ఆమె అలాగే నిలబడేదని చెప్పడానికి మాకు ధైర్యం చాలదు. మేము అనేది ఒక్కటే. విశ్వాసం అనే గుణాన్ని ఎవరికి వారు తమలో కొలుచుకోవాలి. ఎదుటివారిలో మనం చూడగలిగినది నడవడి మాత్రమే. మార్కులు వేయవలసివస్తే దానికే వేయాలి. మేము తలకిందులు చేశాము. ఎదుటివాని విశ్వాసానికి సున్న వేసి, మా నడవడిని కొలుచుకోవడం మరిచిపోయాము.

ఆ కుర్రవాని సంగతి ముగిస్తాము. 2019లో అతని తల్లి కాలం చేసిందని తెలిసి వెళ్లాము. ముప్పై ఏళ్లవాడయ్యాడు. పదిహేను రోజులూ ఏ లోపమూ రాకుండా కర్మ చేయించాడు. తల్లి పటం ముందు దీపం కొండెక్కకుండా రాత్రిళ్లు తానే లేచి నూనె పోశాడని బంధువులు చెప్పారు. పదహారో నాడు ఒంటరిగా ఉన్నప్పుడు, "నాయనా, నీకు వీటిమీద నమ్మకం లేదు కదా" అని అడిగాము. అడగకూడనిదే. అయినా అడిగాము.

"అమ్మకు ఉంది కదా సార్. చేస్తానని మాట ఇచ్చాను" అన్నాడు.

మేము ఆ రోజు అతనికి క్షమాపణ చెప్పాము. పద్నాలుగేళ్లు ఆలస్యంగా చెప్పాము. అతను తల ఊపాడు. "ఆ సున్న నాకు గుర్తుంది సార్. కాని సున్నకంటే మందిరంలో అన్న మాట అమ్మను బాధపెట్టింది" అన్నాడు. దానికి మేము చెప్పగలిగినది ఏమీ లేకపోయింది. ఆమె అప్పటికే లేదు. కొన్ని గీతలు చెరపడానికి వీలుండదు.

సోదర సోదరీమణులారా! ఎస్టేటులు మూతపడ్డాయి. రబ్బరు పోయి ఆయిల్‌పామ్ వచ్చింది. మన మందిరాలు కొన్ని తోటలతోపాటే పోయాయి, కొన్నింటిని పట్నపు ఫ్లాట్ల పక్కకు తెచ్చుకొన్నాము. సాయంకాలపు తరగతికి ఒకప్పుడు నలభై మంది వచ్చేవారు. ఇప్పుడు తొమ్మిది మంది వస్తున్నారు. పిల్లలకు భక్తి లేదని, భాష లేదని మన సభల్లో తరచుగా అంటున్నాము. ఈ వేదికమీద మేమూ అన్నాము. రాని పిల్లల్లో ఎందరు మన మాట విని రావడం మానేశారో ఒక్కసారి లెక్క చూసుకొందాము. మన దగ్గరకు వచ్చి "నాకు తెలియదు" అని నిజం చెప్పిన బిడ్డను, పక్కన కూర్చోబెట్టుకొని ప్రసాదం పెడదాము. సందేహం అడిగిన బిడ్డకు, జవాబు తెలియకపోతే తెలియదని చెబుదాము. మందిరం చందాలెక్కను ప్రతి ఉగాదికీ గోడమీద అందరికీ కనిపించేటట్టు అంటిద్దాము. రాములవారు ఎలాగూ అడగడు. పిల్లలు మాత్రం చూస్తున్నారు.

వచ్చే సోమవారం కూడా ఏదో ఒక బడి మైదానంలో మన మనవలు చెయ్యి ఎత్తి ఆ మొదటి సూత్రం చెబుతారు. చెప్పనివ్వండి, అది మంచి మాట. ఇంటికి వచ్చాక ఆ మాటకు అర్థమేమిటని వాళ్లు అడిగితే, మీ ఇంట్లోనూ గీతలు గీసి చెరిపిన ముసలమ్మ ఒకరు ఉండే ఉంటారు. ఆమె కథ చెప్పండి. ఆమె పేరు చెప్పండి.